ఏడు లక్షల తాబేళ్ల కింద సంతకం

సలహా అడుగుతూ ఒక అమ్మాయి నాకు ఉత్తరం పంపింది. నాలుగు పేజీలు, రెండు వైపులా రాసింది. పేరు, ఊరు, సంస్థ పేరు వెయ్యొద్దని మూడు చోట్ల బతిమాలింది కాబట్టి ఆనవాళ్లు కొన్ని మార్చి, సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

గంజాం జిల్లాలో, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక పల్లె ఆమెది. ఒడియా వాళ్లు నోలియాలు అని పిలిచే మన తెలుగు జాలర్ల ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో రెండూ. బరంపురంలో డిగ్రీ చదివింది. మూడేళ్లుగా సముద్రపు తాబేళ్లను కాపాడే ఒక చిన్న సంస్థలో పని చేస్తోంది. పేరుకి మానిటరింగ్ ఆఫీసర్, చేసేది రాత్రి కాపలా కుర్రాళ్లు చెప్పిన లెక్కలు పుస్తకంలోకి ఎక్కించడం. నాన్న ఇంజిన్ పడవ నవంబరు నుంచి మే దాకా గట్టు మీదే ఉంటుంది, వేట నిషేధం. ఆ రోజుల్లో నాన్న, తమ్ముడు, ఊళ్లో ఇంకో పన్నెండు మంది ఇదే సంస్థలో రాత్రి కాపలాకి వెళతారు. ఇల్లు గడిచేది ఆ కూలితోనే.

2025 సీజనుకి ఆమె పుస్తకం చెప్పేది ఇది. కుక్కలు, నక్కలు, కాకులు తవ్వెయ్యకుండా 218 గుంతల్లోని గుడ్లు తీసి వెదురు కంచె వేసిన హేచరీకి, అంటే గుడ్లు పిల్లలయ్యేదాకా కాపాడే చోటికి, మార్చారు. గుడ్లు 23 వేల పైచిలుకు. పిల్లలై సముద్రంలోకి దిగినవి 17,400. సీజను ఖర్చు 9 లక్షలు.

సంస్థ పోస్టరు చెప్పేది వేరు. “మీ దయతో 7 లక్షల తాబేళ్లకు ప్రాణదానం. మీరిచ్చే ప్రతి 100 రూపాయలూ ఒక తాబేలు ప్రాణం.” పక్కన ఫొటోలో ఒక కుర్రాడు వల కోసి తాబేలుని విడిపిస్తున్నాడు. కింద “జాలరుల వలల బారి నుంచి” అని రాసుంది. ఆ కుర్రాడు ఆమె తమ్ముడే. ఆ వల ఎవరో నడిసముద్రంలో వదిలేస్తే కొట్టుకొచ్చిన తెగిన వల. పోస్టరు చూసి వాళ్లమ్మ, “మన గుంటడే కదే? మరి మనల్నే దొంగల్ని చేసీశారేటే?” అందట.

ఇప్పుడు విరాళమిచ్చే విశాఖపట్నం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఈ 7 లక్షలు ఎలా లెక్కపెట్టారు, రికార్డుల నకళ్లు పంపగలరా అని. సంస్థ పెద్దాయన ఆమెని పిలిచి, “పుస్తకాలు రాసేది నువ్వే కదమ్మా, జవాబూ నువ్వే రాసి సంతకం పెట్టు” అన్నాడు. మార్చిలో ఒక రాత్రి పేజీ మాత్రం తీసెయ్యమన్నాడు. అందులో ఇలా ఉంది: “మన కాపలా లేని వైపు 11 గుంతలు కుక్కలు తవ్వేశాయి. పొద్దున వెళ్లేసరికి కాకులు.”

ఆమె అడిగింది ఇది: “సంతకం పెడితే నేను చదివిన చదువెందుకు? పెట్టకపోతే నాన్న మొహం ఎలా చూడను? మూగజీవాల కోసమే కదమ్మా, కాస్త పెంచి చెబితే అంత పాపమా?”

అమ్మాయ్, ఆ ఆఖరి ప్రశ్న ముందు తీసుకుందాం. 17,400ని 20 వేలు అంటే అది పెంచడం. అదీ తప్పే, కానీ మనుషులు చేసే తప్పు. 7 లక్షలు అలాంటిది కాదు. 2025 ఫిబ్రవరిలో ఋషికుల్య తీరానికి గుంపుగా వచ్చి గుడ్లు పెట్టిన తల్లి తాబేళ్లు దాదాపు 7 లక్షలని అటవీ శాఖ వేసిన అంచనా అది. మీ సార్ దాన్నే తెచ్చి పోస్టరు మీద వేశాడు. పక్కింటి పెళ్లికొచ్చిన జనాన్ని మన ఇంటి భోజనాల ఖాతాలో రాసినట్టు ఉంది.

ఒక్క మాట ఆలోచించు. 2023లోనూ అక్కడికి 6 లక్షలు దాటి వచ్చాయి. 2024లో ఆ గుంపు రానే లేదు. మరి 2024లో మీ కుర్రాళ్లు నిద్రపోయారా? నీకు తెలుసు, అందరికంటే బాగా తెలుసు, ఆ ఏడూ చలిలో ఇసుక మీద అలాగే తిరిగారు. గుంపు రావడం, రాకపోవడం గాలినీ, ఇసుక మేట వేసే తీరునీ, ఇంకా మనకి అంతుపట్టని వాటినీ బట్టి ఉంటుంది. వచ్చిన ఏడు ఘనత మాదే అని రాసుకున్న సంస్థ, రాని ఏడు నేరం కూడా మాదే అని రాసుకోవాలి. సార్‌తో మాట్లాడేటప్పుడు పాపపుణ్యాల ఊసెత్తకు, ఈ 2024 ఊసెత్తు. వ్యవహారం తెలిసిన మనిషికి ఆ దెబ్బ వెంటనే తగులుతుంది.

నేను చాలా ఏళ్లు ఆడిటర్ దగ్గర ట్రస్టుల పుస్తకాలు తిరగేసిన దాన్ని. ఒక గోశాల పుస్తకంలో 300 ఆవులుండేవి. గడ్డి బిల్లులు చూస్తే 90 ఆవులకి కూడా బొటాబొటి. యజమానిని అడిగితే, “ఇన్నేళ్లలో వచ్చిపోయినవన్నీ కలిపి అమ్మా” అన్నాడు. దొంగ కాదాయన. వచ్చినవీ, ఉన్నవీ ఒకే గడిలో రాసి, ఆ గడిని తనే నమ్మేశాడు. మీ సార్ కూడా అలాంటి వాడేమోనని నా అనుమానం. తన డబ్బుతో మొదలుపెట్టాడని నువ్వే రాశావు కదా.

నీ పుస్తకంలో మూడు రకాల సంగతులు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీసుకో. మీరు చేసిన పని ఒకటి: 14 మంది, ఇన్ని రాత్రులు, 218 గుంతలు. కళ్లముందు జరిగింది రెండోది: 17,400 పిల్లలు నీళ్లలోకి దిగాయి. మీరు లేకపోతే జరగనిది మూడోది, దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ గుడ్లు ఇసుకలోనే వదిలేసినా కొన్ని పిల్లలయ్యేవి కదా? గుంపు వచ్చినప్పుడైతే వెనకొచ్చిన తల్లులే ముందొచ్చిన వాటి గుడ్లు తవ్వి పారేస్తాయి, అది నీకు నేను చెప్పాలా! కాబట్టి 17,400 కూడా మొత్తం మీ ఘనత కాదు, అందులో కొంత.

ఎంత అని అడుగుతావు. దానికి జవాబు సార్ చింపెయ్యమన్న పేజీలో ఉంది. కాపలా లేని వైపు ఆ రాత్రి 11 గుంతలు పోయాయి. కాపలా ఉన్న వైపు అదే రాత్రి ఎన్ని పోయాయి? రెండు వైపులా అంతే పొడవు తీరం తీసుకుని, సీజనంతా పొద్దున్నే ఒకరు నడిచి తవ్విన గుంతలు లెక్కపెడితే చాలు, మీ కాపలా విలువ బయటపడుతుంది. దానికోసం కావాలని ఎక్కడా కాపలా మానెయ్యక్కర్లేదు. పద్నాలుగు మందికి అందని ముక్క ఎప్పుడూ మిగులుతుంది, ఆ రాత్రీ మిగిలింది కదా. ఖర్చు ఒక మనిషి కూలి. నన్నడిగితే నీ పుస్తకం మొత్తంలో విరాళం అడగడానికి పనికొచ్చే పేజీ అదొక్కటే.

ఇక ఆ వంద రూపాయల సంగతి. నీ లెక్కే తీసుకుంటే 9 లక్షలకు 17,400 పిల్లలు, అంటే పిల్లకి 52 రూపాయలు. పోస్టరు కంటే చౌకే! కానీ చదివేవాళ్లు “తాబేలు ప్రాణం” అంటే పెద్ద తాబేలునే ఊహించుకుంటారు. వెయ్యి పిల్లల్లో ఒకటి బతికి పెద్దదవుతుందని సాధారణంగా చెప్పే అంచనా. ఆ లెక్కన 17,400లో పది, పదిహేనేళ్ల తర్వాత మిగిలేవి 17. ఒక్కోదానికి దాదాపు 52 వేలు. అదే పుస్తకం, అదే డబ్బు. “పిల్ల” అంటే 52 రూపాయలు, “తాబేలు” అంటే 52 వేలు. అబద్ధం అంకెలోనే ఉంటుందని మనం వెతుకుతాం, ఇక్కడ మాటలో ఉంది.

దీని వెనకాలే ఇంకో సంగతుంది, మీ ఊరికి అదే ముఖ్యం. పిల్ల వెయ్యింటిలో ఒకటి. తల్లి తాబేలు మాత్రం ఇప్పటికే ఆ గండాలన్నీ గట్టెక్కి వచ్చింది. అది బతికితే ఏళ్ల తరబడి, విడతకి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. ఆ తల్లుల్ని పెద్ద సంఖ్యలో చంపేది ట్రాల్ వలలు, అంటే మర పడవలు వెనకాల ఈడ్చుకుపోయే పెద్ద సంచి వలలు. తాబేలు ఊపిరి తీసుకోవడానికి పైకి రావాలి, వలలో ఇరుక్కుంటే నీళ్లలోనే ఊపిరాడక పోతుంది. అందుకే ఒడిశా ప్రభుత్వం ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల దగ్గర 20 కిలోమీటర్ల మేర నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట ఆపుతుంది. ట్రాలర్లు వలకి తాబేలు తప్పించుకునే తలుపు, అదే టెడ్, పెట్టాలంటుంది. ఏడు నెలలు మీ నాన్న పడవ గట్టు మీదుంది. ఒడ్డునున్న హేచరీ కంటే, ఆగిన పడవలే ఎక్కువ తాబేళ్లను బతికించి ఉంటాయని నా నమ్మకం. దానికి పోస్టరు లేదు. ఉన్న పోస్టరులో మీరే దొంగలు. మీ అమ్మ ఒక్క చూపులో పట్టుకున్న తప్పుని మీ ఆఫీసులో ఇంతమంది పట్టుకోలేకపోయారు.

ఇది మీ చిన్న సంస్థ జబ్బే అనుకోకు. పెద్దవాళ్లకీ వచ్చింది. జంతువుల కోసం పనిచేసే సంస్థల్ని తూచి చూసే యానిమల్ ఛారిటీ ఇవాల్యుయేటర్స్ అని అమెరికాలో ఒకటుంది. మాంసం మానమని కరపత్రాలు పంచితే ఎన్ని జంతువులు బతుకుతాయో ఒకప్పుడు అదీ అంచనాలు వేసింది. తర్వాత ఆధారాలు మళ్లీ చూసుకుని, కరపత్రాల మీద తమకున్న నమ్మకం తగ్గిందని తనే ప్రకటించింది. కోళ్ల సంగతీ అంతే. పంజరాల్లోని కోళ్లు పెట్టిన గుడ్లు కొనం అని ఒక కంపెనీ మాట ఇవ్వగానే ఇన్ని లక్షల కోళ్లు బయటపడ్డాయని రాసేసుకునే వాళ్లున్నారు. కంపెనీ మాట నిలబెట్టుకుందో లేదో చూసేదాకా కోడి పంజరంలోనే ఉంటుంది. ఇంకోవైపు, విరాళం ఎక్కడిస్తే ఎక్కువ మేలో తూచి చెప్పే గివ్‌వెల్ అనే సంస్థ తన పొరపాట్లన్నీ ఒక పేజీలో రాసి అందరికీ కనపడేలా పెడుతుంది. దాన్ని చూసి దాతలు పారిపోలేదు. సార్ “పేజీ చింపు” అంటే ఇది చెప్పొచ్చు, వింటాడని హామీ లేదు.

సరే, నీ ముందున్న దారులు చూద్దాం.

సంతకం పెట్టెయ్యొచ్చు. ఈ నెల గడుస్తుంది. అయితే ఆ మెయిల్ గురించి నీకు తెలియని ఒక సంగతి చెప్తాను. ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం. ఆ డబ్బుతో ఏం మార్పొచ్చిందో బయటివాళ్లతో మదింపు చేయించాలన్న నిబంధన 2021లో వచ్చింది, కానీ అది ఏటా సగటున పది కోట్లు, ఆపైన ఇలా ఖర్చు పెట్టాల్సిన కంపెనీలకి, అందులోనూ కోటి రూపాయలు, ఆపైన అయ్యే పనులకి. మీ 9 లక్షలకి అది వర్తించదు. మామూలుగా ఖర్చు సర్టిఫికెట్ ఒకటి పంపితే ఫైలు మూసేస్తారు. అంటే ఆ అధికారి అడగక్కర్లేకపోయినా అడిగాడు. ఎవరో ఏదో అన్నారన్నా అయ్యుండాలి, ఆయనకి నిజంగా పట్టింపు ఉందన్నా అయ్యుండాలి. రెండిట్లో ఏదైనా, నకళ్లు అడిగిన మనిషికి 7 లక్షలు అని రాసి పంపితే, ఆయన అటవీ శాఖ ప్రకటన ఒక్కటి చూస్తే చాలు, దొరికిపోతారు. అప్పుడు కాగితం మీద ఉండేది సార్ పేరు కాదు.

7 లక్షల ఊసెత్తకుండా, 17,400 మాత్రం రాసి పంపొచ్చు. ఆయన అడగకపోతే ఇది మంచి దారే. అడిగాడు కాబట్టి, అడిగినదానికి తప్ప మిగతా అన్నిటికీ జవాబు రాసినట్టు ఉంటుంది. సార్ సంతకం పెడతానంటే పెట్టనీ. నీ పుస్తకం నకలు మాత్రం నువ్వు జతచెయ్యి.

నాకు నచ్చిన దారి ఇది, కష్టమైనదే. జవాబు నువ్వే రాయి, కానీ రెండు రకాలుగా రాసి తీసుకెళ్లు. ఒకటి ఆయన కోరినది, సంతకం లేకుండా. రెండోది నీది. అందులో నాలుగైదు వాక్యాలు చాలు. గుంపుగా వచ్చిన తాబేళ్ల సంఖ్య అటవీ శాఖ అంచనా, మా లెక్క కాదు, పోస్టరులో పొరపాటు జరిగింది, సరిచేస్తున్నాం. మేం చేసింది ఇది, నీళ్లలోకి దిగినవి ఇన్ని. వచ్చే సీజను కాపలా ఉన్న చోటు, లేని చోటు పోల్చి చూస్తాం, దానికి ఒక మనిషి కూలి ఇవ్వగలరా అని అడుగు. అవును, తప్పు ఒప్పుకునే ఉత్తరంలోనే డబ్బు అడుగు. సార్ చదివే మొదటి వాక్యం అదే అవుతుంది.

ఆయన దగ్గరికి ఒంటరిగా వెళ్లు, పదిమందిలో వద్దు. “సార్, 2024లో తాబేళ్లు రాలేదు. మళ్లీ అలాంటి ఏడు వస్తే ఈ కంపెనీకి ఏం చెబుతాం?” అని మొదలుపెట్టి ఆగు. ఆయన్నే మాట్లాడనీ. ఒప్పుకోవచ్చు. నసిగి, సంతకం వేరేవాళ్లతో పెట్టించొచ్చు, అప్పుడు నీ పేరు లేదు కానీ నీ పుస్తకం ఉంది, ఆ బరువు కొంత నీ మీదే. కోపం తెచ్చుకుని నిన్ను తీసెయ్యనూవచ్చు. నాన్న, తమ్ముడి కూలి కూడా ఆగొచ్చు. నాకు తెలిసి చిన్న సంస్థల్లో ఆ చివరిది జరిగేది తక్కువ, ఇసుక మీద రాత్రంతా తిరిగే పద్నాలుగు మంది వేరే ఊళ్లో దొరకరు. కానీ జరగదని చెప్పలేను.

అందుకే వెళ్లే ముందు నాన్నకి చెప్పు. నువ్వు ఉత్తరంలో నాన్నని తప్పించి నిర్ణయం తీసుకోవాలని చూశావు. కూలి ఆయనది, ఫొటోలో కొడుకు ఆయనది. ఆయన “ఈ సీజను అయ్యాక చూద్దాంలే” అనొచ్చు, “పద, నేనూ వస్తాను” అనొచ్చు. ఏదన్నా అది నీకు బలమే. అడగకపోతేనే రేపు మొహం చూడలేవు.

బయట ఫిర్యాదు చెయ్యడం ఇంకో దారి. సొసైటీల రిజిస్ట్రార్‌కో, పన్ను మినహాయింపు ఇచ్చిన ఆదాయపు పన్ను శాఖకో రాయొచ్చు. డబ్బు దారి తప్పిందని ఆధారం ఉంటే ఒక్కరోజు కూడా ఆగకుండా రాయమనేదాన్ని. నువ్వు రాసినదాన్ని బట్టి డబ్బు పనికే వెళ్లింది, మాటలే దారి తప్పాయి. ఆ స్థితిలో ఫిర్యాదు వేస్తే పోస్టరుతో పాటు కాపలా కూడా పోయే ప్రమాదముంది. ఫేస్‌బుక్‌లో పెట్టడం అయితే అస్సలు వద్దు. మన బరంపురం ఎంత చిన్నదో నీకు తెలుసు, ఆ కథ సాయంత్రానికి “నోలియాలు డబ్బు తినేశారు” అని తిరిగొస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నాకు మెత్తదనం లేదు. మూడో పేజీలో, ఏదో చిన్న సంగతన్నట్టు, ఏప్రిల్‌లో కంపెనీ అతిథులు వస్తారని తెల్లవారుజామున గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లల్ని పది గంటల దాకా బకెట్లలో ఉంచారని రాశావు. గుంతలోంచి బయటపడ్డ పిల్లకి మొదటి కొన్ని గంటల ఊపే ఆస్తి. ఆ ఊపుతోనే అలలు దాటి లోతు నీళ్లకి ఈదుతుంది. దాన్ని బకెట్ గోడ మీద గీకించి, ఎండెక్కాక, పక్షులు చూస్తుండగా వదిలితే ఫొటో బాగా వస్తుంది. ఈ తాబేళ్లు వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, హేచరీకి అనుమతి అటవీ శాఖదే. పోస్టరు సంగతి ఎటు తేలినా, బకెట్లు వచ్చే సీజను ఉండకూడదు. సార్ వినకపోతే దీని మీద అటవీ శాఖకి చెప్పడానికి వెనకాడకు. ఆ 17,400లో బకెట్లలో నిలవున్నవి ఎన్నో కూడా నీ జవాబులో విడిగా రాయి.

ఉద్యోగం మానెయ్యడం గురించి నువ్వు అడగలేదు, నేనూ చెప్పను. ఒకవేళ అక్కడిదాకా వస్తే పుస్తకం సంస్థది, తీసుకెళ్లకు. నీ చేతి రాత ఉన్న పేజీల జిరాక్సులు మాత్రం, ఆ మార్చి రాత్రిదీ కలిపి, సార్‌తో మాట్లాడే ముందు రోజే తీసి ఇంట్లో పెట్టుకో.

వీటన్నిటికంటే ముందు చెయ్యగలిగింది ఒకటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫొటోలో ఉన్నది మీ తమ్ముడు. వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఆ కింద రాసిన మాట మార్చమని అడుగు. “కొట్టుకొచ్చిన తెగిన వలలో చిక్కిన తాబేలుని విడిపిస్తున్న మా ఊరి జాలరి కుర్రాడు.” సార్ దానికే ఒప్పుకోకపోతే మిగతావాటికి ఏమంటాడో నీకు ఆ రోజే తెలిసిపోతుంది. ఏం జరిగిందో రాయి. మీ అమ్మ ఏమందో కూడా.